ఉంగరాల జుట్టు

స్త్రీల జుట్టును గూర్చి కవులు వ్రాసినంతగా మరి దేనిని గూర్చియు వ్రాసియుండరు. అయినను ఆ జుట్టును ప్రతిదినము దువ్వి, చిక్కు తీసి, జడ వేసికొనువారు స్త్రీలే గాని కవులు గారు. కావున ఈ విషయమున మాకును నాలుగు మాటలు చెప్పుకొను హక్కు కలదని తలంచి యీ వ్యాసము వ్రాయుచున్నాము. "నలువది యారేండ్ల వయస్సు వచ్చినది, బడికి పోవు ఆడపిల్ల యున్నది, ఇప్పుడు ఈవిడకు జుట్టు గొడవ యేమి?" యని కొందరు సోదరీమణులు నవ్వవచ్చును. నవ్వినను సరియే. క్రిందటి పుష్యమాసమున మేము మొట్టమొదటిసారిగా మా ఉంగరాల జుట్టును మందు పెట్టించి సడలించుకొంటిమి. పూర్తిగా సాపు చేయించుకొనలేదు, సగమే. ఆ పనికి ముందు మేము తెలిసికొన్నది, ఆ పనిలో మాకు జరిగినది, ఆ పిమ్మట మా యింట పుట్టిన యొక ప్రశ్న, ఈ మూడింటిని ఉన్నవి ఉన్నట్లు చెప్పుటయే మా యుద్దేశము.

మాది పుట్టుకతో వచ్చిన ఉంగరాల జుట్టు. నుదుటి యొద్ద చిన్న చిన్న సుడులుగను, వెనుక భాగమున వ్రేలికి చుట్టి వదలిన దారమువలెను ఉండెడిది. తడిసినప్పుడు నడుము వరకు జారి, ఆరిన కొలదిని ముడుచుకొని భుజముల మీదికి ఎక్కెడిది. ఆదివారపు తలంటి మా యింట నొక యుద్ధమే. ఆముదము పట్టించి, కుంకుడుకాయ రసముతో రుద్ది, సాంబ్రాణి పొగ వేసిన పిమ్మట మా తల్లిగారు దువ్వెన చేతబట్టిరనగా మేము పెరటిలోని బాదముచెట్టు వెనుక దాగెడివారము. ఏడాదికి నాలుగైదు దువ్వెనల పండ్లు మా తలలో విరిగెడివి. రెండు జడలు వేసి, మడిచి, రిబ్బనులు కట్టి బడికి పంపినను మధ్యాహ్నమునకు పాపిడికి ఇరుప్రక్కల వెండ్రుకలు లేచి నిలిచెడివి. తోడి పిల్లలు మమ్ము "పిచ్చుకగూడు" అని పిలిచెడివారు. వేసవిలో ఇరుగుపొరుగు పిల్లలందరకు మల్లెమొగ్గలతో పూలజడలు కుట్టునప్పుడు మా వంతు కడపట వచ్చెడిది. సవరము కలిపి, గట్టిగా లాగి, నూనెతో అణచి జడ వేయువరకు కుట్టువారికి విసుగును, మాకు కన్నీరును తప్పెడివి కావు. "జుట్టున్నమ్మ యే కొప్పు పెట్టినను అందమే" యని పెద్దలందురు గాని, ఆ సామెత చెప్పినవారు మా తల నెన్నడు దువ్వియుండరు.

ఒక్క మా నాయనమ్మగారి చేతిలో మాత్రము మాకు నొప్పి తెలిసెడిది కాదు. ఆమె కోనసీమలోని యొక యగ్రహారమున నుండెడివారు. సెలవులకు మే మచటికి పోయినప్పుడు మా తల ఆమె పాలు. పొడి జుట్టును ఆమె యెన్నడును దువ్వలేదు. ముందు చేతితో నీరు చిలుకరించి, అరచేతులలో కొంచెము కొబ్బరినూనె రాచుకొని, జుట్టును నాలుగు పాయలుగా విడదీసి, మూడింటిని ముడివేసి, నాలుగవదానిని మాత్రమే పట్టుకొనెడివారు. మొదట వ్రేళ్లు, తరువాత పెద్ద పండ్ల కొయ్య దువ్వెన. అదియు కుదుళ్ల నుండి గాదు, కొసల నుండి. కొసచిక్కు వీడిన పిదప రెండంగుళములు పైకి, అది వీడిన పిదప మరి రెండంగుళములు పైకి. గంటసేపు పట్టినను ఆమె విసుగుకొనలేదు. "ఇది చిక్కు కాదే తల్లీ, దీని నడకే అంత. దాని నడకకి నువ్వు ఒదిగితే అదీ నీ మాట వింటుంది" అనెడివారు.

అంత నేర్పు ఎరిగిన మా నాయనమ్మగారి తలపై జుట్టు లేదు. ఆమె కిరువది యారేండ్ల ప్రాయమున, 1943లో, మా తాతగారు గతించిరి. ఆ దినములలో ఆ యగ్రహారమున భర్త పోయిన స్త్రీకి శిరోముండనము ఆచారముగా నుండెను. అప్పటి నుండి కడవరకు ఆమె తెల్లచీర కొంగు తలపై కప్పుకొనియే యుండిరి. కొన్ని వారములకొకసారి పెరటి దారిని మంగలి వచ్చెడివాడు. ఆ పూట పిల్లలను వీధి యరుగు మీదికి పంపివేసెడివారు. శుభకార్యములలో ఆమె వంటింటి వెనుకనే యుండెడివారు గాని పందిటిలోనికి వచ్చెడివారు కారు. మమ్ము చూచిన వృద్ధబంధువు లొకరిద్దరు "అచ్చం మీ నాయనమ్మ జుట్టే! ఇలాగే ఉంగరాలు ఉంగరాలుగా ఉండేది" అని గొంతు తగ్గించి చెప్పుటచేతనే మాకీ జుట్టు ఎవరి నుండి వచ్చినదో తెలిసినది.

ఒకనాడు మేము, తొమ్మిది పదేండ్ల పిల్లల కుండు తెలివితక్కువతనముతో, "నాయనమ్మా, నీ జుట్టు ఎందుకు తీయించుకున్నావు?" అని యడిగితిమి. దువ్వెన ఒక క్షణమాగినది. "తీయించుకోలేదే తల్లీ, తీశారు. నన్నెవరూ అడగలేదు" అని యామె మరల దువ్వసాగిరి. ఆ మాటలో కోపము లేదు, ఏడుపు లేదు. అందుచేతనే కాబోలు అది మాకు నేటికిని గుర్తున్నది.

మేమిప్పుడు కాపురముండు రాజమహేంద్రవరముననే 1881 డిసెంబరు 11వ తేదీన వీరేశలింగము పంతులుగారు మొట్టమొదటి వితంతు వివాహము జరిపించిరి. వితంతువుల పునర్వివాహము చెల్లునని చట్టము వచ్చినది అంతకు ముందే, 1856లో. ఆ వివాహము జరిగిన అరువదిరెండేండ్లకు, గోదావరి పాయలు దాటిన కొలది దూరములోనే, మా నాయనమ్మగారి జుట్టు ఆమె నడుగకయే తీసివేయబడినది. చట్టము పట్టణమునకు వచ్చినంత వేగముగా పెరటి దారికి రాదని దీనివలన తెలియుచున్నది. తిరుమలకు పోయి తలనీలాలు సమర్పించుకొను స్త్రీలు నేటికిని వేలకొలది కలరు. అది వారి మ్రొక్కు, వారి యిష్టము. మా నాయనమ్మగారిది అట్టిది గాదు.

ఇక మా కథకు వత్తుము. పెరిగి పెద్దవారమై, కాపురమునకు వచ్చిన పిమ్మటను మా జుట్టుతో మా కలహము తీరలేదు. మన కావ్యములలో నాయికను కుటిలకుంతల యని పొగడుదురు. అలకలనగా వంకర తిరిగిన ముంగురులే. అయినను మన యిండ్లలో అందమైన జుట్టనగా నున్నగా వీపుమీద జారు వాలుజడయే. కూచిపూడి భామాకలాపములో సత్యభామ తెర మీదుగా తన జడను వేసి, తన్ను మించిన వారెవరో రమ్మని సవాలు చేయుచు ప్రవేశించును. చిన్ననాట ఆ ఘట్టము చూచినప్పుడెల్ల, మా జడను అట్లు తెరమీద వేసిన నిలుచునా, మడతపెట్టిన తీగవలె మరల వెనుకకు వచ్చునా యని మేము నవ్వుకొనెడివారము.

క్రిందటి యేడు మాకు కుడి భుజము పట్టివేసినది. ఈ వయస్సు స్త్రీలలో ఇది తరచు వచ్చునదేనని, నెలల తరబడి యుండి క్రమముగా సడలునని వైద్యులు చెప్పిరి. చేయి చెవికంటె పైకి లేవదు. ఉంగరాల జుట్టును చిక్కు తీసికొనవలెనన్న చేతులు రెండును అరగంట సేపు తలపై నుండవలెను గదా! పది దినములు దువ్వకుండ ముడివేసి యుంచినందున జుట్టు పీచువలె ఉండకట్టినది. ఇంతలో మాఘమాసమున మా అక్కగారి కుమార్తె వివాహము నిశ్చయమైనది. అప్పుడు, మందు పెట్టించి జుట్టును కొంత సడలించుకొన్నచో దువ్వుట సులభమగునని మాకు తోచినది. భుజపు నొప్పి నిజమే. కాని పెండ్లిలో తీయబోవు ఫోటోలు కూడ మా మనస్సులో మెదలినవని ఇప్పుడు ఒప్పుకొనుచున్నాము.

చేయించుకొనుటకు ముందు ఈ మందు లేమి, అవి జుట్టును ఏమి చేయునో తెలిసికొనగోరితిమి. వెండ్రుక యనునది కెరటిన్ అను మాంసకృత్తు. వెండ్రుక మొలచు కుదురు నిటారుగా, గుండ్రముగా నున్నచో జుట్టు సాపుగా వచ్చును. కుదురు వంగి, వెండ్రుక బాదముగింజవలె పలకగా నున్నచో ఉంగరములు తిరుగును. ఆ కెరటిన్ పోగులను ప్రక్కప్రక్కన పట్టి యుంచునవి రెండు విధములైన బంధములు. ఒక విధమైనవి నీటితోడను, వేడితోడను వీడి మరల కూడునవి. ఇనుప పలకలతో నొక్కి సాపు చేసిన జుట్టు తలంటుకొనగనే మరల ముడుచుకొనుటకు ఇదియే కారణము. రెండవ విధమైనవి గంధకముతో కూడిన గట్టి బంధములు. వానిని నీరు కదల్పజాలదు. మందు మాత్రమే తెంచును. మందుతో ఒకసారి మార్చిన వెండ్రుక ఎన్ని తలంట్లు పోసికొన్నను పూర్వపు రూపమునకు రాదు. క్రొత్తగా మొలచునది మాత్రము పుట్టుక యెట్టిదో అట్లే మొలచును. ఈ సంగతి ముందుగా తెలియక పోయినచో పిమ్మట వగచవలసి వచ్చును.

ఈ మందులు ముఖ్యముగా రెండు జాతులు. మొదటివి మిక్కిలి తీక్ష్ణమైన క్షారములు. సోడియం హైడ్రాక్సైడుతో చేసినవి, గ్వానిడీనుతో చేసినవి ఈ జాతివి. చర్మమును గూడ కాల్చగలవు. రెండవవి థయోగ్లైకొలేటుతో చేసినవి. మన యూళ్ల పార్లర్లలో స్మూతెనింగు, రీబాండింగు అను పేర్లతో చేయు పనులకు తరచు ఇవియే వాడుదురు. ఇవి ముందు బంధములను తెంచును. తరువాత హైడ్రోజన్ పెరాక్సైడు కలిసిన రెండవ మందు పూసి ఆ బంధములను క్రొత్త రూపమున మరల కూర్చుదురు. ఒక జాతి మందు పెట్టిన జుట్టుపై రెండవ జాతి మందు పెట్టరాదు. పెట్టినచో వెండ్రుకలు మధ్యకు తెగిపోవును.

ఈ విద్య అమెరికాలోని నల్లజాతివారి బ్రతుకులతో ముడిపడినది. క్లీవ్‌లండు పట్టణమున కుట్టుమిషనులు బాగుచేయుచుండిన గారెట్ మోర్గన్ అను నల్లజాతి శిల్పి, సూది వేడిని తగ్గించుటకు చేసిన మందు ఉన్నిగుడ్డ నూగును సాపు చేయుట గమనించి, దాని నుండి జుట్టు మందు చేసెనని చెప్పుదురు. 1913 నాటికి ఆయన దానిని అమ్ముట కొక కంపెనీ స్థాపించెను. 1867లో జన్మించి 1919లో గతించిన మేడమ్ సి. జె. వాకర్ అను నామె, తన జుట్టు రాలిపోగా తలకు మందులు చేసి, వేలకొలది నల్లజాతి స్త్రీలకు వానిని అమ్ము ఉపాధి కల్పించెను. బానిసత్వము పోయినను, తమ పుట్టుజుట్టుతో ఉద్యోగమునకు పోయిన గౌరవము దొరకని దేశములో ఆ స్త్రీలకు ఈ మందు అలంకారము మాత్రమే కాదు, జీవనోపాయము కూడ. జుట్టు తీరును బట్టి ఉద్యోగమునందును బడియందును వివక్ష చూపరాదని కాలిఫోర్నియా రాష్ట్రము చట్టము చేసినది 2019లోనే. వారి కష్టము వేరు, మన కష్టము వేరు. మన పిచ్చుకగూళ్లను చూచి నవ్వుదురే గాని ఉద్యోగము తీసివేయరు. అయినను తన తలపై మొలచినదానిని చూచి తానే సిగ్గుపడుట ఎట్లుండునో మాకును కొంత తెలియును.

ఈ మందులవలని కీడును గూర్చి కూడ చదివితిమి. 2022లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల వారు 33,497 మంది స్త్రీలను సుమారు పదునొకండేండ్లు గమనించిన ఫలితము ప్రకటించిరి. జుట్టు సాపు చేయు మందులను ఏడాదిలో నాలుగుసార్ల కంటె ఎక్కువగా వాడిన స్త్రీలలో గర్భాశయపు క్యాన్సరు, వాడని వారిలో కంటె రెండింతలకు మించి కనబడినది. డెబ్బదియేండ్లు వచ్చునప్పటికి ఆ వ్యాధి వచ్చుట వాడనివారిలో నూటికి 1.64గాను, తరచు వాడువారిలో నూటికి 4.05గాను లెక్కించిరి. మందే కారణమని దీనివలన రుజువు కాలేదు గాని, తరచు వాడువారు ఆలోచింపదగిన సంఖ్యలివి. కెరటిన్ ట్రీట్‌మెంటను పేర చేయు కొన్నింటిలో ఫార్మాల్డిహైడు ఉండును, లేదా వేడి తగిలినప్పుడు పుట్టును. అది క్యాన్సరు కలిగించునదని నిర్ణయమైన పదార్థము. 2024లో ప్రకటితమైన యొక వైద్యనివేదికలో, ఇరువది యారేండ్ల స్త్రీకి గ్లయాక్సిలిక్ ఆమ్లము గల క్రీముతో జుట్టు సాపు చేయించుకొన్న మూడుసార్లును మూత్రపిండములు దెబ్బతిన్నట్లు వ్రాసియున్నది. కావున డబ్బాపై ఏమి వ్రాసియున్నదో చదువక తల వంచరాదు.

ఇవన్నియు చదివిన పిమ్మట మానివేయుదుమా యని రెండు దినము లాలోచించితిమి. కడకు థయోగ్లైకొలేటు మందుతో, ఒక్కసారి, సగము మాత్రమే చేయించుకొన నిశ్చయించితిమి. సగము సడలించుట యనగా మందును తక్కువసేపు ఉంచి, ఇనుప పలకలతో నొక్కకుండ, వెడల్పు దువ్వెనతో తేలికగా దువ్వి, ఉంగరము అలగా మారగనే రెండవ మందు పూసి నిలిపివేయుట. జుట్టు సాపు కాదు; దారము చుట్టలు కాలువ అలలగును. వారము ముందుగా మెడ వెనుక దాగియుండు నొక పాయకు మందు పెట్టించి చూచితిమి. పండ్రెండు నిమిషములకు మేము కోరిన రూపము వచ్చినది. వెండ్రుక తెగలేదు, చర్మము మండలేదు. ఆ పండ్రెండు నిమిషములను కాగితముపై వ్రాసికొని పోయితిమి.

పార్లరులోని పిల్ల ఇరువదేండ్లది, చేతి చురుకుగలది. "సగమెందుకండీ మేడం? అదే డబ్బులకి ఫుల్ స్ట్రెయిట్ అయిపోతుంది కదా!" అని యామె యాశ్చర్యపడినది. సగము నెలకు సగము ధర యుండదు గదా యని మావారును ఇంటి యొద్ద ఇదే మాట యనిరి. మేము నవ్వి, సగమే చాలునంటిమి. నుదుటి యంచునను చెవుల మీదను వాసెలీను రాచి, జుట్టును నాలుగు పాయలుగా విడదీసి, కుదుళ్లకు అరయంగుళము విడిచి క్రీము పూయసాగినది. కుళ్లిన కోడిగ్రుడ్ల వాసన గది యంతయు నిండెను. నాలుగు పాయలుగా విడదీయుట చూడగనే మాకు నాయనమ్మగారు జ్ఞాపకము వచ్చిరి.

కుడిప్రక్క కడిగి, ఎడమప్రక్కకు వచ్చుసరికి ఒక పెండ్లికూతురును వెంటబెట్టుకొని పదిమంది వచ్చిరి. ఆ పిల్ల వారి యొద్దకు పోయినది. గోడ గడియారమున పండ్రెండు నిమిషములు గడచినవి, పదునైదు గడచినవి. పిలిచిన "వస్తున్నా మేడం" అను మాటయే గాని మనిషి రాదు. ఎడమచెవి వెనుక చురుకుమనుట మొదలయినది. ఇరువది నిమిషములకు మేమే లేచి కుళాయి క్రింద తల పెట్టితిమి. పిమ్మట రెండవ మందు పూసి, కడిగి, ఆరబెట్టిరి. కుడిప్రక్క మేము కోరినట్లే అలలుగా వచ్చినది. ఎడమ కణత యొద్ద రెండు పాయలు చీపురుపుల్లలవలె నిలిచినవి. చెవి వెనుక మంట రెండు దినములకు గాని తగ్గలేదు. అడుగవలసిన మాట ముందుగానే గట్టిగా అడుగక, మర్యాదకై కూర్చుండుట మా పొరపాటును కూడ.

అయినను ఆ మరునాటి యుదయమున దువ్వెన తీసికొని తలపై పెట్టగా, అది పైనుండి క్రిందికి ఆగకుండ దిగినది. పుట్టి యెరిగిన తరువాత అట్లు దిగుట అదియే మొదలు. భుజము నొవ్వలేదు. మేము మరల మరల నాలుగుసార్లు ఊరకనే దువ్వుకొంటిమి. ఆ సంతోషమును దాచి చెప్పుట అబద్ధమగును.

పెండ్లిలో అందరును మెచ్చుకొనిరి. "ఇప్పుడు బాగున్నావే!" యని మా పెదతల్లిగారు, "ఇన్నాళ్ళూ ఎందుకు చేయించుకోలేదు వదినా?" యని మా మరదలు. మొదట నలుగురు చెప్పినప్పుడు ముఖము వికసించినది. పదవ వ్యక్తి చెప్పునప్పటికి ఆ "ఇప్పుడు" అను మాట యొక్కటియే చెవిలో నిలిచినది. వెనుకటి నలువది యారేండ్లును ఏమైనట్లు? అప్పుడు ప్రక్కకు చూచితిమి. మా పండ్రెండేండ్ల యమ్మాయి, మా జుట్టే నూటికి నూరుపాళ్లు వచ్చినది, గోడ నానుకొని నిలుచుండి యీ మాటలన్నియు వినుచున్నది. దాని చేయి తన జడకొసపై నున్నది.

ఇంటికి వచ్చిన మూడవనాటి రాత్రి అది మా ప్రక్కను పండుకొని, "అమ్మా, నాకెప్పుడు చేయిస్తావు?" అని యడిగినది. ఎందుకమ్మా యంటిమి. "నీది బాగోలేదనేగా మార్పించుకున్నావు? నాదీ అదేగా" యన్నది.

మేము చదివిన పుస్తకములలో దీనికి జవాబు లేదు. భుజపు నొప్పి సంగతి చెప్పబోయి యాగితిమి. అది సగమే నిజమని దానికిని తెలియును. ఆ రాత్రి మొట్టమొదటిసారిగా దానికి మా నాయనమ్మగారి కథ యంతయు చెప్పితిమి. పెరటి దారియు, తెల్లచీర కొంగును, "నన్నెవరూ అడగలేదు" అను మాటయు. అది చాలసేపు పలుకలేదు. పిదప "నిన్నెవరైనా చేయించుకోమన్నారా అమ్మా?" యని యడిగినది. లేదు, మా యిష్టప్రకారమే చేయించుకొంటిమని చెప్పితిమి. "అయితే నన్నూ అడుగు" అన్నది. సరే, నీ కేమి కావలెనో చెప్పుమంటిమి. అది ఆలోచించి, "ముందు దువ్వేటప్పుడు నొప్పి లేకుండా దువ్వు. మిగతాది తర్వాత చెప్తా" నన్నది.

సోదరీమణులారా, ఆ మాటకు మాకు సిగ్గు కలిగినది. నాయనమ్మగారు మా తలకు చేసిన సేవను మేము మా పిల్ల తలకు చేయలేదు. బడి వేళకు తొందరపడి, పొడి జుట్టును కుదుళ్ల నుండి లాగుచు, మా తల్లిగారివలెనే విసుగుకొనుచుంటిమి. దాని జుట్టును అది అసహ్యించుకొనుటకు లోకము ఎంత కారణమో, మా దువ్వెనయు నంతే కారణము. మరునాడే పెద్ద పండ్ల కొయ్య దువ్వెన కొంటిమి. వారమునకు రెండుసార్లు రాత్రిపూట తీరికగా, తడిపి, నూనె రాచి, నాలుగు పాయలు చేసి, కొసల నుండి దువ్వుట మొదలిడితిమి. మొదటి నాడు మా భుజము సహకరింపక గంటన్నర పట్టినది. మావారు పాయలు పట్టుకొనిరి. ఇప్పుడు అరగంట చాలుచున్నది. నొప్పి యను మాట ఆ పిల్ల నోట వినబడి రెండు నెలలైనది. మందు పెట్టించుమని మరల యడుగలేదు. పెద్దదైన పిమ్మట అడిగినచో, తెలిసినదంతయు చెప్పి, దాని యిష్టమునకే విడుతుము. పిల్లల లేత తలకు మాత్రము తల్లులు ముచ్చటపడి ఈ మందులు పెట్టింపరాదని మా దృఢాభిప్రాయము.

పెద్దవారిలో చేయించుకొనదలచినవారిని మేము వలదనము. మేమే చేయించుకొంటిమి గదా. కాని మందు పేరు చదువుడు. ఒక పాయకు ముందు పరీక్షించి, ఎన్ని నిమిషములో వ్రాసికొనుడు. తలపై పుండు గాని గీరు గాని యున్ననాడు పోకుడు. రంగు వేసిన జుట్టైనచో ముందే చెప్పుడు. గడియారము మీరును చూడుడు. మండినచో మర్యాదకై కూర్చుండక వెంటనే లేవుడు. ఒకసారి మందు తగిలిన జుట్టుపై మరల మందు తగులనీయకుడు. వెండ్రుక నెలకు సుమారు అరయంగుళము పెరుగును గావున, రెండు మూడు నెలలకే కుదుళ్ల యొద్ద పాత ఉంగరములు కనబడును. వానిని దాచుటకు మరల పోవుట, అవి పెరుగగా మరల పోవుట, ఇట్లు ఒకనాటి పని ఏటేట చేయు పనియగును. ఆ సంగతి మొదటినాడే ఆలోచించుకొనుట మంచిది.

మేము మరల పోలేదు. ఇప్పుడు ఆషాఢమాసము. భుజము చాలవరకు సడలినది. రెండున్నర యంగుళముల మేర కుదుళ్లలో మా పాత జుట్టు మొలచినది. రెండు తీరుల జుట్టు కలియుచోట వెండ్రుక బలహీనముగా నుండును గావున అచట మెల్లగా దువ్వవలెను. రెండు నెలలకొకసారి కొసలు కొంచెము కత్తిరించుకొనుచున్నాము. ఎడమ కణత యొద్ది చీపురుపుల్లలు రెండును ముందుగా పోయినవి. నిన్నటి దినము మా రెండు చేతులకు గోరింటాకు పెట్టి, చేతులు కదలింపరాదని యాజ్ఞాపించి, మా యమ్మాయియే మా తల దువ్వినది. కొసల నుండి పైకి వచ్చుచు ఒకచోట దువ్వెన ఆపి, వ్రేలితో ఒక వెండ్రుకను పట్టి చూచి, "అమ్మా, ఇక్కడిదాకా తాతమ్మ జుట్టు, ఇక్కణ్ణుంచి పార్లరు జుట్టు" అన్నది. ఏది బాగున్నదే యని యడిగితిమి. "కదలకు, గోరింటాకు రాలిపోతుంది" అని మరల దువ్వసాగినది.